బిల్లులోకి ఎక్కని ఖర్చు

పొద్దున బండి షెడ్డులో వదిలేసి సాయంత్రం తెచ్చుకుంటాం. సెల్ఫ్ నొక్కగానే స్టార్టయింది, బ్రేకు పడుతోంది, నీళ్లు కొట్టి తుడిచారు కాబట్టి మెరుస్తోంది కూడా. అడిగిన డబ్బులిచ్చి ఇంటికొచ్చేస్తాం. లోపల ఏ ఆయిల్ పోశారో, ఏ బోల్టు ఎంత బిగించారో, మార్చామని చెప్పిన వాషర్ నిజంగా మార్చారో లేదో మనకు తెలీదు. ఆ రోజే కాదు, ఆరు నెలలు పోయాక కూడా తెలీదు. పక్క వీధిలో మూడొందలు తక్కువకు చేస్తారని బండిని అటు తిప్పేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఆ మూడొందలు ఎక్కడ తగ్గాయి?

వంకాయలు కొనేటప్పుడు పుచ్చులున్నాయేమో చూసి ఏరుకుంటాం. కొత్త హోటల్లో బిర్యానీ ఎలా ఉందో తిన్నాక తెలుస్తుంది, బాగాలేకపోతే మళ్లీ ఆ గుమ్మం తొక్కం. కొన్ని సేవలు ఈ రెంటిలోనూ ఇమడవు. వాడుకున్నాక కూడా వాటి మంచీచెడూ తేల్చుకోలేం, చేసినవాడి మాట నమ్మాల్సిందే. మైఖేల్ డార్బీ, ఎడీ కార్నీ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 1973లో ఇలాంటివాటిని ఒక ప్రత్యేక జాతిగా విడదీసి చూపించారు. వైద్యం, బండి రిపేరు ఆ జాతివే. అంతకు మూడేళ్ల ముందు, 1970లో, జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల సంతను తీసుకుని ఒక ముఖ్యమైన విషయం నిరూపించాడు. మంచి కారేదో నాసి కారేదో కొనేవాడికి తెలియనప్పుడు, అతను రెంటికీ మధ్యస్థంగా ఒక ధర చెబుతాడు. ఆ ధర మంచి కారు యజమానికి గిట్టదు, అతను సంత నుంచి తప్పుకుంటాడు. మిగిలేది నాసిరకమే. 2001లో అకెర్లాఫ్‌కి మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది ఇలాంటి పరిశోధనకే.

ఈ సూత్రాన్ని మన ఊరి మెకానిక్ షెడ్ల వరసకు అన్వయించి చూడండి. పనిలో తేడా కస్టమరుకు కనిపించదు. కనిపించేది రేటొక్కటే. కాబట్టి పోటీ అంతా రేటు మీదే నడుస్తుంది. రేటు తగ్గించాలంటే మెకానిక్ ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. షాపు అద్దె తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు. చేతిలో మిగిలినవి సామాను నాణ్యత, పనికి పెట్టే టైము. అవే కరిగిపోతాయి. శ్రద్ధగా గంటన్నర పట్టే పనిని గంటన్నరే చేసేవాడు ఖరీదైనవాడిగా పేరు పడతాడు. ఈ పరిస్థితి మోసగాళ్లను తయారుచేస్తుందని అనడం కంటే, నిజాయితీగా పనిచేసేవాడికి అన్నం పెట్టకుండా చేస్తుందని అనడం సబబు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

మొదటి కోత సాధారణంగా ఆయిల్‌లో పడుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు పిస్టన్ రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య ఉండే ఆయిల్ పొర చాలాచోట్ల కొద్ది మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, ఆ పొర ఎంత పల్చనో ఊహించుకోవచ్చు. ఇనుమును ఇనుము రాసుకోకుండా ఆపుతున్నది ఆ పొరే. అయితే కందెనగా ఉండడమొక్కటే ఆయిల్ పని కాదు. పెట్రోలు మండాక మిగిలే మసిని పట్టి ఉంచడానికి, ఆమ్లాలను విరవడానికి, వేడికి తాను పాడై చిక్కబడకుండా ఉండడానికి, ఒత్తిడి ఎక్కువైనచోట లోహం మీద రక్షణ పూతలా ఏర్పడడానికి అందులో రకరకాల రసాయనాలు కలుపుతారు. ఆయిల్ ఖరీదులో చెప్పుకోదగ్గ భాగం వీటిదే. డ్రమ్ములోంచి కొలిచి పోసే పేరూఊరూ లేని లూజు ఆయిల్‌ని వేళ్ల మధ్య రాసి చూస్తే జిడ్డుగానే ఉంటుంది. అందులో ఈ రసాయనాలున్నాయో లేదో వేళ్లకు తెలియదు. వాడేసిన ఆయిల్‌ని వడగట్టి, రంగు తేల్చి, పాత డబ్బాల్లో నింపి అమ్మే వ్యాపారమూ ఉంది. (ఆయిల్ నల్లబడిందంటే పాడైందని చాలామంది అనుకుంటారు. మసిని తనలో పట్టి ఉంచుతోందనడానికి కూడా అది గుర్తు కావచ్చు. రంగు చూసి తీర్పు చెప్పలేం.)

మోటార్ సైకిళ్లలో ఇంకో చిక్కుంది. గేర్లున్న మన బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తాయి. కార్ల ఆయిళ్లలో కొన్నింటికి రాపిడిని మరీ తగ్గించే పదార్థాలు కలుపుతారు. కారుకది మైలేజీ పెంచుతుంది. బైకులో పోస్తే క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోలేక జారతాయి. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ అరుస్తుంది గాని బండి ముందుకు లాగదు. అందుకే తడి క్లచ్ ఉన్న బండ్ల కోసం జపాన్ వాహన ప్రమాణాల్లో జాసో ఎంఏ అనే గుర్తు పెట్టారు, అది డబ్బా మీద అచ్చయి ఉంటుంది. గేర్లు లేని స్కూటర్లలో వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరే ఉంటుంది, మహా అయితే వంద మిల్లీలీటర్లకు అటూ ఇటూ. తక్కువ రేటు సర్వీసింగులో దాని సంగతి ఎవరూ ఎత్తరు.

నాసి ఆయిల్ పోసిన రోజు ఏమీ కాదు. నెలకీ ఏమీ కాదు. రింగులు కొద్దికొద్దిగా అరుగుతాయి. సైలెన్సర్ నుంచి నీలంగా పొగ మొదలయ్యేసరికి ఏడాదో రెండేళ్లో గడిచి ఉంటాయి. అప్పటికి మనం ఆ సర్వీసింగును మరిచిపోయి ఉంటాం. "బండి పాతబడింది, బోరు పని చేయించాలి" అంటారు. వేలల్లో అయ్యే ఆ ఖర్చును అప్పటి మూడొందల ఆదాకి ముడిపెట్టే ఆధారం మన దగ్గర ఉండదు. తిరిగే బండికి ఇంకో నష్టం రోజూ జరుగుతూ ఉంటుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే బైకు లీటరుకు 50 ఇవ్వాల్సింది 45 ఇస్తోందనుకోండి. ఎయిర్ ఫిల్టర్ మార్చకుండా ఊది పెట్టినా, బ్రేకు షూ చక్రాన్ని రాసుకుంటూ ఉన్నా ఆ మాత్రం తగ్గడం వింతేమీ కాదు. 240 లీటర్లతో అయ్యేదానికి దాదాపు 267 లీటర్లు పడతాయి. పెట్రోలు 108 రూపాయలనుకుంటే ఏడాదికి దాదాపు 2,900. అది బంకులో వంద, రెండొందలుగా పోతుంది గాని షెడ్డు లెక్కలో రాదు.

బ్రేకుల దగ్గర మాత్రం డబ్బు లెక్క చాలదు. తిరుమల నుంచి కిందికి దిగే దారిని తీసుకుందాం. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగుడు దారి. కొండ మీదికీ తిరుపతికీ ఎత్తులో తేడా ఇంచుమించు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,300 కిలోల బరువున్న చిన్న కారు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 90 లక్షల జౌళ్లు. మామూలు నీళ్లను 30 లీటర్ల దాకా మరిగించడానికి సరిపోయే శక్తి అది. గాలి కొంత తీసుకుంటుంది, టైర్లు కొంత తీసుకుంటాయి. తక్కువ గేరులో దిగితే ఇంజన్ చాలా భాగం భరిస్తుంది. గేరు మార్చకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే మిగిలిందంతా డిస్కుల్లోకి, డ్రమ్ముల్లోకి వేడిగా చేరుతుంది.

ఆ వేడి బ్రేకు ఆయిల్‌ని తాకుతుంది. ఆయిల్ అంటున్నాం గాని ఇది మామూలు నూనె జాతి ద్రవం కాదు. మన బండ్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ ఈథర్ల జాతికి చెందినవి. గాలిలోని తేమను పీల్చుకోవడం వాటి స్వభావం. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం చెబుతుంది. అదే ద్రవంలో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కి 230 నుంచి 155కి. రబ్బరు పైపుల్లోంచి, మూత సందుల్లోంచి తేమ చేరుతూనే ఉంటుంది కాబట్టి రెండేళ్లకోసారి బ్రేకు ఆయిల్ పూర్తిగా తీసేసి కొత్తది నింపమని చాలా కంపెనీలు చెబుతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో దీన్ని వాయిదా వేయకపోవడం మంచిది.

ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు, ఆ గుణం మీదే బ్రేకు మొత్తం ఆధారపడి ఉంది. ఆవిరి మాత్రం కుంచించుకుపోతుంది. కాలు నొక్కిన బలమంతా బుడగలను నలపడానికే పోయి, పెడలు మెత్తగా అడుగుదాకా దిగిపోతుంది. చక్రం దగ్గరికి ఒత్తిడి చేరదు. ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు ఈ లోపం సాధారణంగా బయటపడదు, ఘాట్‌లో మలుపు దగ్గర బయటపడుతుంది.

తక్కువ రేటు షెడ్డులో జరిగేదేమిటంటే, డబ్బాలో మట్టం తగ్గితే పైన కాస్త పోసి మూత పెడతారు. లోపలి పాత ఆయిల్ అలాగే ఉంటుంది. పోసింది కూడా నెలల కిందట మూత తీసి షెల్ఫులో పెట్టిన సీసాలోంచి కావచ్చు. అది అప్పటికే తేమ తాగి ఉంటుంది. ఇంతకన్నా ప్రమాదం, బ్రేకు ఆయిల్ అందుబాటులో లేక ఇంజన్ ఆయిల్ లాంటిది పోయడం. బ్రేకు సిలిండర్లలో వాడే రబ్బరు సీళ్లు గ్లైకాల్‌ను తట్టుకునేలా చేసినవి. పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి, మెత్తబడి, చివరికి పట్టు తప్పుతాయి. అప్పుడు ఒక్క సీలుతో పోదు, సిలిండర్ నుంచి గొట్టాల దాకా విప్పాల్సి వస్తుంది. 125 సీసీ దాటిన బైకులకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయ్యాక ముందు డిస్కు బ్రేకు మామూలైపోయింది. కాబట్టి ఇది కార్లవాళ్ల గొడవ మాత్రమే అనుకునే రోజులు పోయాయి.

డ్రమ్ బ్రేకుల విషయంలో ఖర్చు మెకానిక్ ఊపిరితిత్తుల మీద పడే అవకాశముంది. పాతకాలపు బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ విరివిగా వాడేవారు, వేడికి తట్టుకుంటుంది, చవక. దాని పీచు పీల్చితే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఏనాడో తేల్చింది. జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్ఫై ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మన దేశం ఆస్బెస్టాస్ వాడకాన్ని పూర్తిగా నిషేధించలేదు. ఏ కంపెనీదో తెలియని, పెట్టె మీద వివరమే లేని చవక బ్రేకు షూలో ఏముందో చెప్పగలిగినవారు లేరు. షెడ్డులో హెల్పర్‌గా చేరిన కుర్రాడు డ్రమ్ము విప్పి, గాలి పైపు పెట్టి ఆ దుమ్మును మొహం మీదకే ఊదుకుంటాడు. తడి గుడ్డతో తుడిస్తే సరిపోయే పని. దానికి ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది, ఆ ఐదు నిమిషాలకు మన బేరంలో చోటు లేదు.

వాడేసిన ఇంజన్ ఆయిల్ సంగతీ అంతే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థలకే ఇవ్వాలి. చాలాచోట్ల అది షెడ్డు ముందు మట్టిలోకో మురుగు కాలువలోకో పోతోంది. ఆ కాలువ మన ఊరిదే.

బోల్టు బిగింపు గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే రిపేరులో అతి తక్కువ గౌరవం దక్కేది దానికే. బిగించినప్పుడు బోల్టు రవంత సాగుతుంది. సాగిన బోల్టు తిరిగి పూర్వపు పొడవుకు రావాలని లాగుతూ ఉంటుంది, ఆ లాగుడే రెండు భాగాలను కలిపి పట్టుకుంటుంది. మరి మనం పానాతో పెట్టే బలంలో ఎంత భాగం బోల్టును సాగదీస్తుంది? మామూలు లెక్కన పదో వంతే. సగం బలం బోల్టు తల కింద రాపిడికి, దాదాపు నలభై శాతం మరల మధ్య రాపిడికి ఖర్చయిపోతుంది. అందువల్ల మరలు తుప్పు పట్టి ఉంటే చేతికి గట్టిగా తగులుతుంది గాని బోల్టు సాగదు, కాబట్టి వదులవుతుంది. అదే మరలకు నూనె పూసి ఉంటే అదే బిగింపుకు బోల్టు మితిమీరి సాగి, తెగే దాకా పోతుంది. చేతి అంచనా మోసం చేసేది ఇక్కడే. చిన్న కార్ల చక్రాల నట్లకు 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగింపు చెబుతారు, మీటరు పొడవు రాడ్డు చివర పది కిలోల బరువు వేలాడదీసినంత. దీన్ని కొలవడానికి టార్క్ రెంచ్ అనే పానా ఉంది. మన షెడ్లలో ఎన్నింటిలో అది గోడకు వేలాడుతూ కనిపిస్తుందో మీరే చూడండి. దానికి డబ్బులు కావాలి, వాడడానికి ఓపిక కావాలి, వాడితే ఎక్కువ ఇస్తామనే కస్టమరు కావాలి.

బైకు ఇంజన్ అడుగున ఆయిల్ దింపే బోల్టు ఉంటుంది. బోల్టు ఉక్కు, అది ఎక్కే మర మెత్తటి అల్యూమినియం. ప్రతి సర్వీసింగుకీ ఎవరో ఒకరు కారకుండా ఉండాలని బలం కొద్దీ బిగిస్తారు. నాలుగైదుసార్లకు మర కొట్టుకుపోతుంది. తర్వాత లేత్ దగ్గరికి తీసుకెళ్లి కొత్త మర కోయించి, పెద్ద సైజు బోల్టు వేయించుకోవాలి. పది రూపాయల రాగి వాషర్ ప్రతిసారీ మార్చి ఉంటే అంత బలం పెట్టాల్సిన అవసరమే వచ్చేది కాదు.

చైను విషయంలో చవక మెకానిక్‌ని మనమే తప్పుదారి పట్టిస్తాం. మన మామూలు బైకు చైన్లలో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం. చైను సాగిందంటాం గాని నిజంగా సాగేది లోహం కాదు, ప్రతి పిన్ను దగ్గరా కొంచెం కొంచెం అరుగుతుంది. ఒక్కో లింకు దగ్గర మిల్లీమీటరులో పదో వంతు అరిగితే వంద లింకుల మీద సెంటీమీటరు పొడవు పెరుగుతుంది. ఆ పొడవుకు తగ్గట్టే స్ప్రాకెట్ పళ్లూ అరిగి కొక్కేల్లా వంగుతాయి. అలాంటి పళ్ల మీద కొత్త చైను ఎక్కిస్తే పళ్లకూ దానికీ కొలత కుదరదు, బరువంతా రెండు మూడు పళ్ల మీదే పడి కొత్త చైను త్వరగా నాశనమవుతుంది. అందుకే చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మార్చాలి. "సెట్టు ఎందుకు, చైనొక్కటే వెయ్యి చాల్లే" అనేది మెకానిక్ కాదు, మనం.

ఇంతా చదివాక చిన్న షెడ్డులన్నీ చెడ్డవనీ, కంపెనీ సర్వీసు సెంటర్లన్నీ మంచివనీ ఎవరైనా అర్థం చేసుకుంటే అది నా ఉద్దేశానికి పూర్తిగా విరుద్ధం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఛాసిస్ మీద మొత్తం బాడీ కట్టే పనివాళ్లున్నారు. మార్కెట్లో దొరకని భాగాన్ని లేత్ మీద తీసి ఇచ్చేవాళ్లున్నారు. ఆ నైపుణ్యానికి సర్టిఫికెట్లు లేకపోయినా విలువ తగ్గదు. ఎక్కువ రేటు మంచి పనికి హామీ కాదు. అవసరం లేని భాగాలు మార్చి బిల్లు పెంచడం ఏసీ హాల్లోనూ జరుగుతుంది, డార్బీ, కార్నీ చెప్పిన చిక్కు అక్కడా ఉంది.

పైగా చిన్న మెకానిక్ చేతులు కట్టేసినవాళ్లు వేరే ఉన్నారు. 2014 ఆగస్టులో భారత కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. అసలు విడిభాగాలు, మరమ్మతు మాన్యువళ్లు, పరీక్షా పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్నది అభియోగం. బయట రిపేరు చేయిస్తే వారంటీ పోతుందనే షరతునూ కమిషన్ తప్పుపట్టింది. ఆ తీర్పు మీద అప్పీళ్లు నడిచాయి. కాని సమస్య ఏమిటో దేశానికి తెలిసింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక మామూలు బైకుల్లో కూడా చాలావాటిలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్, సెన్సర్లు వచ్చాయి. స్కానర్ లేకుండా వాటి లోపం చదవడం కష్టం. స్కానర్ లేనివాడు వైరు కోసి, మరో వైరుకు కలిపి బండి నడిపించి పంపిస్తాడు. మాటిమాటికీ పోతున్న ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టేది కూడా ఇలాంటి ఇరుకులోనే. వైరులో కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు అవుతుంది. ఫ్యూజు కరిగిపోయి ఆపాల్సిన ఆ వేడి తర్వాత వైరింగు తొడుగును కరిగిస్తుంది. ఈ తప్పులో మెకానిక్ వాటా ఎంతో, అతనికి సమాచారం అందనివ్వని వ్యవస్థ వాటా కూడా అంతే ఉందని నా అభిప్రాయం. మాన్యువల్ తెలుగులో, చేతికందే ధరలో దొరికిన రోజున ఇక్కడ చెప్పినదానిలో సగం అవసరం తీరిపోతుంది.

అప్పటిదాకా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆయిల్ డబ్బా సీలు మీ ముందే తీయమనండి, ఖాళీ డబ్బా మీరే తీసుకెళ్లండి. మార్చిన పాత సామాను సంచిలో వేసి ఇవ్వమని పని మొదలుపెట్టకముందే చెప్పండి, తర్వాత కాదు. బ్రేకు ఆయిల్ చివరిసారి ఎప్పుడు పూర్తిగా మార్చారో అడగండి, జవాబు లేకపోతే ఇప్పుడే మార్చమనండి. బేరం ఆడాలనిపిస్తే సామాను ధర దగ్గర ఆడండి, చేతి పని కూలీ దగ్గర మాత్రం ఆడకండి. ఆ కూలీలోంచి తగ్గే ప్రతి రూపాయీ మీ బండి మీద పెట్టే టైములోంచే తగ్గుతుంది. చిన్న షెడ్డయినా సరే, వేసిన భాగాలేవో, ఏ కంపెనీవో కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. పని తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. చేతిలో ఆ కాగితం లేకపోతే ఫిర్యాదుకు బలం ఉండదు.